పన్నెండు పేజీల డికెన్స్

చార్లెస్ డికెన్స్‌కి టైం విలువ తెలియదు. తెలిసినవాడే అయితే పిప్ అనే ఒక పల్లెటూరి పిల్లవాడు పెద్దవాడయ్యే కథకి 59 అధ్యాయాలు ఖర్చుపెట్టేవాడు కాదు. 1860 డిసెంబరులో మొదలుపెట్టి 1861 ఆగస్టు దాకా తన సొంత వారపత్రిక ‘ఆల్ ది ఇయర్ రౌండ్’లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ని తీరిగ్గా నడిపించాడు. అప్పటి జనం కూడా వేరే పనేమీ లేనట్టు వారం వారం డబ్బులిచ్చి కొనుక్కుని మరీ చదివారు. అదే నవలని మన గైడు పన్నెండు పేజీల్లో తేల్చిపారేసింది. అందులోనూ చివరి రెండు పేజీలు ఆ పబ్లిషరు వేసిన ఇతర గైడ్ల జాబితా. అంటే అసలు సరుకు పదే. నూట అరవై ఏళ్లుగా ఎందరో పండితులు ఈ నవల మీద లావుపాటి పుస్తకాలు రాశారుగానీ, దాన్ని ఆదివారం టిఫినుకీ స్టడీ అవరుకీ మధ్య ముగించవచ్చని కనిపెట్టిన ఘనత మాత్రం మనదే.

నేను మా అక్క కొడుక్కి లోకల్ గార్డియన్ని. వాడు చదివే జూనియర్ కాలేజీ పేరు చెప్పను. చెబితే మిగతా కాలేజీలవాళ్లు మా పేరెందుకు రాయలేదని నొచ్చుకుంటారు. అక్కడ సెకండియర్ పిల్లలకి ఇంగ్లీషులో ఈ నవల చేయిస్తారు. వారానికి ఒక్క పీరియడు. అదీ మ్యాథ్స్ సారు అడగకపోతే. అడిగితే ఇంగ్లీషు సారు నవ్వుతూ ఇచ్చేస్తారు, అంత మంచి మనిషి. ఆయన పొద్దున ఒక క్యాంపస్‌లో, మధ్యాహ్నం ఇంకో క్యాంపస్‌లో, సాయంత్రం మూడో దాంట్లో చెబుతారు. గంటకింత అని లెక్క. ఎండలో బండి మీద ఊరంతా తిరిగే మనిషిని పట్టుకుని ‘నవల చదివారా సార్’ అని అడగడం నా కుసంస్కారం. అడిగాను. ఆయన ఏ మాత్రం దాచుకోలేదు. ‘చదివితే కన్‌ఫ్యూజ్ అయిపోతామండీ. గైడులో ఒకటుంటుంది, అక్కడ ఇంకోటుంటుంది. పిల్లలకి క్లారిటీ పోతుంది’ అన్నారు. ఇంత నిజాయితీ ఉన్న అధ్యాపకుణ్ణి ఈ మధ్య చూడలేదు.

ఆయన బోధన ఎలా సాగుతుందో మావాడి గైడు చూస్తే తెలిసిపోతుంది. ఇంపార్టెంటు ప్రశ్నల పక్కన మూడు చుక్కలు, వెరీ ఇంపార్టెంటుకి అయిదు. జవాబుల్లో సైడ్ హెడ్డింగులు ఎరుపు, లోపలి విషయం నీలం. ‘క్యారెక్టర్ ఆఫ్ జో’ అనే దానికింద అయిదు పాయింట్లు: మంచివాడు, దయగలవాడు, కమ్మరి, పిప్‌కి బావ, చదువు లేదు. ‘క్యారెక్టర్ ఆఫ్ బిడ్డీ’ కింద కూడా అయిదు పాయింట్లే, అందులో మొదటి రెండూ అవే. అన్నిటికన్నా నన్ను ముగ్ధుణ్ణి చేసింది గైడు వెనక అట్టలోపల పెన్నుతో రాసుకున్న జనరల్ ఎస్సే. ఏ ప్రశ్న వచ్చినా అదే రాయాలి. పేర్లు మాత్రం మార్చుకోవాలి. డికెన్స్ గొప్ప రచయిత, ఈ పాత్ర గొప్ప పాత్ర, ఈ పాత్ర ద్వారా రచయిత మనకి గొప్ప సందేశం ఇచ్చాడు, కాబట్టి మనమందరం ఈ పాత్రని ఆదర్శంగా తీసుకోవాలి. జో మీద ప్రశ్న వస్తే జోని, మిస్ హావిషామ్ మీద వస్తే మిస్ హావిషామ్‌ని. పెళ్లిరోజు మోసపోయి, ఇంట్లో గడియారాలన్నీ తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువలో ఆపేసి, పెళ్లి గౌను విప్పకుండా, బూజుపట్టిన పెళ్లికేకు పక్కన ముసలిదైపోయిన ఆవిడని మన పిల్లలందరూ ఆదర్శంగా తీసుకోవాలని వేలమంది ఒకే రోజు ఒకే గంటలో రాస్తారు. దిద్దేవారు మార్కులేస్తారు.

డికెన్స్ కాలంలో చదువు ఎంత అధ్వాన్నంగా ఉండేదో ఈ నవలే చెబుతుంది. పిప్ చిన్నప్పుడు వోప్సిల్ అనే పెద్దమనిషికి నాయనమ్మ చెల్లెలో ఎవరో ఒక ముసలావిడ ఊళ్లో సాయంత్రపు బడి నడుపుతుంది. రోజూ ఆరింటి నుంచి ఏడింటి దాకా ఆవిడ ఎంచక్కా నిద్రపోతుంది. ఆవిడ నిద్రపోవడం చూసినందుకు పిల్లలు తలా వారానికి రెండు పెన్నీలు ఇచ్చుకుంటారు. మూణ్ణెల్లకోసారి వోప్సిల్ వచ్చి పరీక్ష పెడతాడు. పరీక్ష అంటే చొక్కా చేతులు మడిచి, జుట్టు ఎగదువ్వి, షేక్‌స్పియర్ నాటకంలోంచి మార్క్ ఆంటొనీ ఉపన్యాసం తనే అప్పజెప్పడం. అక్కణ్ణించి మనం ఎంత దూరం వచ్చాం! మన దగ్గర సారు నిద్రపోరు. తెల్లారుజామున అయిదింటికి స్టడీ అవరుకి లేచిన పిల్లలు నిద్రపోతారు. రెండు పెన్నీల దగ్గర ఉన్న ఫీజుని లక్షల్లోకి తెచ్చాం. మూణ్ణెల్లకోసారి ఉన్న పరీక్షని ప్రతి ఆదివారానికి తెచ్చాం. వోప్సిల్ లాగా ఉపన్యాసాలు దంచడానికి మాత్రం డీన్లు ఉన్నారు, వాళ్లకి షేక్‌స్పియర్ అక్కర్లేదు.

ఆ నవలలోనే పంబుల్‌చుక్ అని ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. గింజల వ్యాపారి. గైడులో ఆయనకి చోటు దొరకలేదు, అది పెద్ద అన్యాయం. ఎందుకంటే మన కాలేజీలన్నిటికీ ఆయనే మూలపురుషుడు. పిప్‌ని మిస్ హావిషామ్ ఇంటికి తీసుకెళ్లే రోజు పొద్దున పిల్లవాడు మర్యాదగా గుడ్ మార్నింగ్ చెబితే, బదులుగా ఏడు తొమ్మిదులు ఎంత అంటాడు. పిల్లవాడికి ఎండు బ్రెడ్డూ, నీళ్లు కలిపిన పాలూ పెట్టి, నోట్లో ముద్ద మింగేలోగా ఇంకో ఏడు కలుపు, ఇంకో నాలుగు కలుపు, ఇంకో పది కలుపు అంటూ కూడికలు అడుగుతూనే ఉంటాడు. తను మాత్రం వేడివేడి మాంసం, రొట్టె లాగిస్తుంటాడు. మా మేనల్లుడి మెస్సులో ఉప్మా తినే పిల్లల మధ్య ఇన్‌చార్జి ఫార్ములాలు అడుగుతూ తిరుగుతుంటే చూసి, నవలలోంచి నేరుగా నడిచి వచ్చాడనుకున్నాను.

పంబుల్‌చుక్ అసలు గొప్పతనం తర్వాత బయటపడుతుంది. పిప్‌కి ఎక్కడిదో డబ్బు వచ్చిపడిందని తెలియగానే చేతులు పట్టుకుని ఊపుతూ వదలడు. ఈ కుర్రాడి అదృష్టానికి పునాది వేసింది నేనేనని ఊరంతా చెప్పుకుంటాడు. ఆ మేరకు స్థానిక పత్రికలో వార్త కూడా పడుతుంది. పిప్‌ని చెయ్యి పట్టుకుని పెంచిన జో పేరు అందులో ఉండదు. పాపం, 1861లో పంబుల్‌చుక్‌కి ఒక్క చిన్న వార్తతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడైతే రిజల్ట్స్ వచ్చిన గంటలో మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు సైజు ఫోటోలు, చౌరస్తాలో ఫ్లెక్సీ, టీవీలో ఒకటీ ఒకటీ ఒకటీ అని అరుపులు. ఒకే పిల్లవాడు రెండు కాలేజీల ప్రకటనల్లో కనిపించినా మనం ఆశ్చర్యపోం. పునాది వేసినవాళ్లు ఇద్దరుండకూడదా? నవల చివర్లో పిప్ అప్పులపాలై వస్తే ఇదే పంబుల్‌చుక్ కృతజ్ఞత లేనివాడని నలుగురి ముందూ తిడతాడు. ర్యాంకు రాని పిల్లవాడికి మన దగ్గర ఏం జరుగుతుందో పేపర్లో ఎవరూ వేయరు కాబట్టి అక్కడ పోలిక కుదరదు.

ఇక నవల అసలు సంగతికి వస్తే, గైడు చూపిన సంయమనానికి చేతులెత్తి దండం పెట్టాలి. పిప్ మొదటిసారి మిస్ హావిషామ్ ఇంటికి వెళ్తాడు. అక్కడ ఎస్టెల్లా అనే పిల్ల వాడితో పేకాడుతూ, వీడు ‘నేవ్’ ముక్కని ‘జాక్’ అని పిలుస్తున్నాడని వెక్కిరిస్తుంది. వాడి మొరటు చేతులు చూసి, మందపాటి బూట్లు చూసి ఈసడిస్తుంది. అంతకుముందు ఆ చేతుల గురించి వాడెప్పుడూ అనుకోలేదు. ఆ ఇంటి ఆవరణలో ఒంటరిగా నిలబడి మొదటిసారి తన చేతులవంక చూసుకుంటాడు. తనకి ఆ పేరు నేర్పిన జో మీద కోపం వస్తుంది. నవలంతా ఆ ఒక్క రోజులోంచి పుట్టుకొస్తుంది. ఇంత సున్నితమైన విషయాన్ని పదహారేళ్ల పిల్లల ముందు పెడితే ఏమైనా ఉందా? ఆ క్లాసులో కూచున్నవాళ్లలో సగంమంది ఊళ్లల్లోంచి వచ్చినవాళ్లు. మొదటి నెలలోనే ‘ఏందిరా’ అన్నందుకు నవ్వులపాలైనవాళ్లు, సెక్షన్లో ఇంగ్లీషులో జవాబు చెబుతూ ‘స్కూల్’ ముందు ‘ఇ’ చేర్చినందుకు సంవత్సరమంతా ‘ఇస్కూలు’ అని పిలిపించుకున్నవాళ్లు. వాళ్లకి ఆ అధ్యాయం చదివి వినిపిస్తే తల వంచుకునేవాళ్లు ఎంతమందో, పక్కవాడి వంక చూసేవాళ్లు ఎంతమందో! క్లాసు డిస్టర్బ్ అయిపోతుంది. గైడు ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టి ఒకే వాక్యంలో దాటేసింది: పిప్ అక్కడ ఎస్టెల్లాని కలిశాడు, ఆమె చాలా అందమైనది.

ఇరవయ్యేడో అధ్యాయం ఇంకా ప్రమాదకరమైనది. అప్పటికి పిప్ లండన్లో పెద్దమనిషి చదువు చదువుకుంటున్నాడు. కత్తి నోట్లో పెట్టుకోకూడదని స్నేహితుడు హెర్బర్ట్ దగ్గర నేర్చుకున్నాడు. ఊరినుంచి జో చూడ్డానికి వస్తున్నాడని ఉత్తరం వస్తుంది. డబ్బిచ్చి ఆ రాకని ఆపగలిగితే ఖాయంగా ఇచ్చేవాణ్ణని పిప్ తనే ఒప్పుకుంటాడు. జో మెట్లెక్కి వస్తాడు. మెట్లమీద ఆ బరువైన అడుగుల చప్పుడు విని పిప్ గుర్తుపడతాడు. జో పండగ బట్టల్లో బిగుసుకుపోయి, టోపీని పొయ్యి గట్టు మీద పెడతాడు. అది పడిపోతుంది. తీసి పెడతాడు. మళ్లీ పడుతుంది. మాట మధ్యలో టోపీని పట్టుకోవడానికి ఎగురుతుంటాడు. ఒకసారి ‘పిప్’ అంటాడు, ఒకసారి ‘సర్’ అంటాడు. పిప్‌కి చిరాకెత్తిపోతుంది. ఆ మనిషి తడబాటుకి తనే కారణమని అప్పుడు వాడికి తట్టదు. చివరికి జో లేచి, ఈ బట్టల్లో నేను నేను కాదురా, కొలిమి దగ్గర చూడు నన్ను అని ఆ భావం వచ్చేలా చెప్పి, దీవించి, వెళ్లిపోతాడు. మావాడి గైడులో ఇరవయ్యేడో అధ్యాయం లేదు. జో లండన్ వచ్చాడు అన్న మాట కూడా లేదు.

లేకపోవడమే మంచిదని ఒక ఆదివారం గేటు దగ్గర నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. నెలకోసారి పేరెంట్స్‌ని రానిస్తారు. పొద్దున్నే బస్సులు దిగి, కాలేజీ ఎదురుగా చెట్టుకింద అందరూ కూచుని ఉంటారు. చేతిలో స్టీలు క్యారేజీ, ప్లాస్టిక్ బుట్టలో మురుకులు, పచ్చడి సీసా. వాచ్‌మన్ పుస్తకంలో సంతకం చేయించుకుని పిల్లవాడి పేరు మైకులో పిలుస్తాడు. రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకాయన, మావాడి రూమ్మేటు తండ్రి, మోటార్లు రివైండింగు చేసే పని, తన వంతు వచ్చేదాకా అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూనే ఉన్నాడు. గ్రీజు నలుపు గోళ్ల సందుల్లోంచి ఎక్కడికి పోతుంది? కొడుకు వచ్చాడు. తండ్రి క్యారేజీ మూత తీయబోతే ‘ఇక్కడొద్దు నాన్నా, అటు పోదాం’ అని ప్రహరీ గోడ చివరకి నడిచాడు. అక్కడ నీడ లేదు. ఎండలో నిలబడి తిన్నాడు. తండ్రి పక్కన నిలబడి వాడు తినడమే చూస్తూ నాలుగైదుసార్లు ‘బాగా చదువుతాండావా’ అని అడిగాడు. అటుగా పోతున్న స్నేహితులు ‘ఎవర్రా’ అంటే కుర్రాడు ముద్ద మింగి ‘ఊర్నించి’ అన్నాడు. అబద్ధం కాదు. ఊర్నించే వచ్చాడు.

ఆ మర్నాడు ఫస్టు పీరియడు ఇంగ్లీషు. జో గుణగణాలు, అయిదు పాయింట్లు. కుర్రాడు పదికి పది తెచ్చుకున్నాడని మావాడు చెప్పాడు. చూశారా, ఎంత పకడ్బందీగా కట్టారో ఈ ఏర్పాటుని! పిల్లవాడి బతుకులో సరిగ్గా ఏం జరుగుతోందో అదే కథని వాడి చేతికిచ్చి, ఆ కథ తనదేనని వాడికి ఒక్క క్షణం కూడా అనుమానం రాకుండా పరీక్ష దాకా నడిపించుకు రావడం మామూలు నేర్పు కాదు. నవలని నిషేధించడం తేలిక. బుద్ధి లేని ప్రభుత్వాలు అలా చేస్తాయి, దాంతో పిల్లలు దొంగచాటుగా చదువుతారు. సిలబస్‌లో పెట్టి, మార్కులిచ్చి, వారం వారం పరీక్ష పెట్టి ఎవరూ చదవకుండా చూడటానికి చాలా బుర్ర కావాలి.

డబ్బు ఎవరిచ్చారన్న విషయంలోనూ అంతే. పిప్‌ని పెద్దమనిషిని చేస్తున్నది మిస్ హావిషామే అని పిప్ అనుకుంటాడు, చదువరి అనుకుంటాడు. ముప్ఫై తొమ్మిదో అధ్యాయం దాకా డికెన్స్ అసలు సంగతి దాచాడు. ఒక తుఫాను రాత్రి మెట్లమీద అడుగుల చప్పుడు, దీపం పట్టుకుని చూస్తే చిన్నప్పుడు సమాధుల మధ్య ఎదురైతే తను ఆకురాయీ, తిండీ తెచ్చిచ్చిన ఖైదీ మాగ్విచ్. ఆస్ట్రేలియాకి పంపిస్తే అక్కడ గొర్రెలు మేపుకుని, నానా కష్టాలు పడి సంపాదించిందంతా ఈ కుర్రాడికి పంపాడు. తను ఎవరి కష్టం మీద కూచుని విలాసంగా బతుకుతున్నాడో తెలిసి పిప్‌కి మొదట వచ్చింది కృతజ్ఞత కాదు, అసహ్యం. ఆ అసహ్యం పోవడానికి ఇంకా పదిహేను అధ్యాయాలు పడుతుంది. మన గైడుకి అంత సాగదీత నచ్చదు. మొదటి పేజీలోనే, ‘పిప్ బెనిఫాక్టర్: మాగ్విచ్’ అని బాక్సు కట్టి వేసింది. ఆశ్చర్యం లేదు, అసహ్యం లేదు, ఆ తర్వాతి సిగ్గూ లేదు. బిట్టుకి ఒక మార్కు.

ఇందులో ఉన్న కరుణ గమనించండి. ఆ రాయచోటి కుర్రాడి తల్లి కువైట్లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఆ వైపు చాలా ఇళ్లల్లో ఉన్న సంగతే. అక్కడ ఆవిడ ఎన్నింటికి లేస్తుందో, ఎన్నింటికి పడుకుంటుందో, ఎంతమంది బట్టలు ఉతుకుతుందో ఫోనులో కొడుక్కి చెప్పదు. చెబితే చదువు పాడవుతుందని. నెలనెలా డబ్బు మాత్రం వస్తుంది. ముప్ఫై తొమ్మిదో అధ్యాయాన్ని ఆ పిల్లవాడి ముందు పెట్టి సారు గొంతెత్తి చదివితే, రాత్రి వాడికి నిద్ర పడుతుందా? రేపు వీకెండ్ టెస్టులో ఫిజిక్సు ఏమవుతుంది? గైడు రాసినవాళ్లు ఎవరోగానీ వాళ్లకి ఇలాంటి పిల్లల మీద ఎంతో దయ.

నిజానికి ఇంగ్లీషు నవలలే కాదు, మన తెలుగు నవలల విషయంలోనూ ఇదే దయ చూపించారు. మొక్కపాటి వారి బారిస్టరు పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకి బయల్దేరినవాడు, ప్రతి అడుగునా నవ్వులపాలైనవాడు. పదిహేడేళ్లకి ఇంటినొదిలి కొత్త ఊరు వచ్చిన పిల్లవాడు చదవాల్సిన పుస్తకమది. కానీ మావాడి బ్యాచిలో ఎక్కువమంది సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నారు, మార్కులు బాగా పడతాయని. పార్వతీశం బతికిపోయాడు.

కాలేజీకి లైబ్రరీ లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. రిసెప్షన్ పక్కనే ఉంది. అద్దాల బీరువాలు, లోపల డికెన్స్ సెట్టు, బంగారు అక్షరాల అట్టలతో. అడ్మిషన్ల సీజన్లో తల్లిదండ్రులకి చూపిస్తారు. తాళంచెవి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు, అంటే ఏఓ గారి డ్రాయర్లో భద్రంగా ఉంటుంది. అంత జాగ్రత్త తీసుకోబట్టే ఆ పుస్తకాల మీద ఇంతవరకూ ఒక మరక లేదు.

ఆ జాగ్రత్తని భంగం చేసింది నేను కొనిచ్చిన పుస్తకమే. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ పూర్తి పాఠం దొరికితే లోపల పేరు రాసి మావాడికిచ్చాను. మావాడు బుద్ధిమంతుడు, దాన్ని ట్రంకు పెట్టె అడుక్కి తోసేశాడు. రూమ్మేటు తీశాడు. మొదట్లో డిక్షనరీ లేక అవస్థపడ్డాడట, తర్వాత అర్థంకాని మాటల్ని వదిలేసి ముందుకుపోవడం నేర్చుకున్నాడట. లైట్లార్పాక బాత్రూము దగ్గర బల్బుకింద చదివాడు. ఇరవయ్యేడో అధ్యాయం చదివిన రాత్రి ఏమయిందో మావాణ్ణి అడిగాను. ‘ఏం లేదు మావయ్యా, ఫోను కోసం వార్డెన్ దగ్గరికి పోయాడు. ఇవ్వలా’ అన్నాడు. రాత్రి పదకొండింటికి ఫోనివ్వకూడదని రూలు.

ఆ వారం టెస్టులో బిట్టు ఇలా వచ్చింది: నవల చివర పిప్ ఎస్టెల్లాని, ఎ) పెళ్లి చేసుకున్నాడు, బి) మరిచిపోయాడు, సి) ద్వేషించాడు, డి) పైవేవీ కావు. కుర్రాడు ‘డి’ పెట్టాడు. కీలో ‘ఎ’. గైడులో చివరి వాక్యం, పిప్ అండ్ ఎస్టెల్లా పెళ్లి చేసుకుని సుఖంగా జీవించారు. ఇక్కడ గైడు చేసిన సేవ కొంచెం వివరించాలి. డికెన్స్ మొదట రాసిన ముగింపులో పిప్, ఎస్టెల్లా లండన్ వీధిలో ఒక్క నిమిషం కలుసుకుని విడిపోతారు. అప్పటికే ఆవిడ మరొకర్ని పెళ్లాడింది. అచ్చుకి వెళ్లబోయే ముందు బుల్వర్ లిట్టన్ అనే నవలాకారుడు మరీ దిగులుగా ఉందంటే, డికెన్స్ మార్చి, పాడుబడిన తోటలో ఇద్దర్నీ కలిపి, చెయ్యి పట్టించి, ఆ తర్వాత ఏమయిందో తేల్చకుండా వదిలేశాడు. ఆ పాత ముగింపు డికెన్స్ పోయాక ఆయన మిత్రుడు ఫార్‌స్టర్ జీవితచరిత్రలో అచ్చువేసేదాకా లోకానికి తెలియదు. అప్పణ్ణించీ ఏది మేలని వాదనే. ఇంత కాలం రెండు ముగింపుల మధ్య కొట్టుకుంటున్న లోకానికి మన గైడు మూడోది ఇచ్చి గొడవ వదిలించింది. పెళ్లి, సుఖం, శుభం.

కుర్రాడు లేచి నిలబడి, సార్, పుస్తకంలో పెళ్లి లేదు అన్నాడు. ఏ పేజీ అన్నారు సారు. చివరి పేజీ సార్. ఏదీ చూపించు. వాడు పుస్తకమే తెచ్చి చూపించాడు. సారు పుస్తకం వైపు చూడలేదు, అది వచ్చిన దారి వైపు చూశారు. స్టడీ అవర్లో కథల పుస్తకాలు చదువుతున్నాడని ఏఓ గారికి రిపోర్టు వెళ్లింది. లోపల నా పేరుంది కాబట్టి నన్నూ, వాడి నాన్ననీ పిలిపించారు. ఆయన రాత్రి బస్సెక్కి వచ్చాడు. ఏసీ గదిలో కుర్చీ చూపించినా కూచోకుండా దాని అంచున చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఏఓ గారు నవల బల్లమీద పెట్టి, సమస్య ఎంత తీవ్రమైనదో ఓపిగ్గా వివరించారు. తండ్రి అంతా విని, ఇంకెప్పుడూ చదవడండీ, నేను చెబుతా, మంచి పిల్లోడే అని రెండుసార్లు అన్నాడు. కొడుకు ఆయన వంక తప్ప ఇంకెటూ చూడలేదు. ‘మా నాన్నండీ’ అన్నాడు ఏఓ గారితో, ఎవరూ అడక్కుండానే.

ఏఓ గారు మంచి మనిషి. కీ మార్చడం కుదరదనీ, పోయింది ఒక్క మార్కే కదా అనీ, అదీ ఎంట్రన్స్ ర్యాంకు లెక్కలోకి రాని సబ్జెక్టేననీ ఓదార్చారు. పుస్తకం పరీక్షలయ్యాక ఇస్తామన్నారు. ఎలాగూ ఇంత దూరం వచ్చారు కాబట్టి సెకండ్ టర్మ్ బాలెన్సు కూడా కట్టి వెళ్లమన్నారు. కువైట్ నుంచి ఈ నెల డబ్బు ఇంకా పడలేదండీ అంటే, పెద్దమనసుతో పదో తారీకు దాకా గడువిచ్చారు. దాటితే రోజుకి వంద ఫైను.